తొండ వృషణం స్లైడ్ చదవడం ఎలా: సరీసృపాల్లో శుక్రకణం తయారయ్యే తీరు, మైక్రోస్కోపు కింద

ఎలుక వృషణంతో శుక్రజననం నేర్చుకున్నవాళ్లు మొదటిసారి తొండదో పాముదో స్లైడ్ పెట్టుకోగానే తికమకపడతారు. కణాలన్నీ తెలిసినవే, అమరిక మాత్రం తెలిసిన లెక్కకు రాదు. ఎలుక వృషణంలో శుక్రకణాలు తయారయ్యే సన్నటి గొట్టాన్ని, అంటే నాళికను, అడ్డంగా కోస్తే ఏ కణం పక్కన ఏ కణం ఉంటుందో ముందే చెప్పొచ్చు. 1952లో లెబ్లాండ్, క్లెర్మాంట్ అనే పరిశోధకులు అలాంటి 14 దశలు గుర్తించారు, ఒకే కోతలో పక్కపక్క నాళికలు వేర్వేరు దశల్లో కనిపిస్తాయి. సరీసృపాల్లో ఆ పట్టిక పనిచేయదు. ఇక్కడ నాళికలన్నీ దాదాపు కలిసే నడుస్తాయి. ఒక నెలలో ఎటు చూసినా స్పెర్మటోసైట్లే (క్షయకరణ విభజనలో ఉన్న కణాలు), మరో నెలలో ఎటు చూసినా పొడవాటి స్పెర్మటిడ్లే (విభజన ముగించి శుక్రకణాలుగా మారుతున్నవి). అందుకే ఈ స్లైడ్ చదవాలంటే ముందు క్యాలెండరు చూడాలి, తర్వాతే కణాలు.

డిగ్రీ, పీజీ జంతుశాస్త్రం ప్రాక్టికల్స్ చేసేవాళ్లకూ, పాత స్లైడ్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలో ముందు పెట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకూ ఇది ఉపయోగపడుతుంది.

స్లైడ్ పెట్టే ముందు లేబుల్ చదవండి

జాతి పేరు, సేకరించిన తేదీ, జంతువు పొడవు. ఈ మూడూ లేని స్లైడ్ మీద కణాల పేర్లు గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు కానీ ఆ వృషణం ఏ స్థితిలో ఉందో నమ్మకంగా చెప్పలేరు. తేదీ ఎందుకంత ముఖ్యమంటే, సరీసృపాల్లో వృషణం పనిచేసే కాలం, జతకట్టే కాలం ఒకటే కానక్కర్లేదు.

స్థూలంగా కొన్ని తీరులున్నాయి. కొన్ని జాతుల్లో జతకట్టే రుతువుకు ముందే శుక్రకణాలు తయారై, తాజాగా వాడకానికి వస్తాయి. అమెరికన్ ఆలిగేటర్ ఈ కోవలోదే, దాని వృషణం వసంతంలో పెద్దదవుతుంది. చల్లని ప్రాంతాల పాములు, తాబేళ్లు చాలావాటిలో క్రమం తిరగబడుతుంది. జతకట్టడం అయిపోయాక వేసవిలో వృషణం పనికి దిగుతుంది. తయారైన శుక్రకణాలు నాళాల్లో చలికాలమంతా నిలవుండి మరుసటి వసంతంలో వాడకానికొస్తాయి. ఎర్రచారల గార్టర్ పాము దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. వసంతంలో మగపాములు ఆడపాము చుట్టూ గుంపులుగా మూగే రోజుల్లోనే వాటి వృషణాలు ముడుచుకుపోయి ఉంటాయి. ఆ వారంలో తీసిన స్లైడ్ చూసి ఈ పాముకు సంతానోత్పత్తి శక్తి లేదని రాస్తే అంతకన్నా పొరపాటు ఉండదు. ఇక ఉష్ణమండలంలోని కొన్ని బల్లుల్లో ఏడాది పొడవునా శుక్రకణాలు తయారవుతూనే ఉంటాయి. వాటి నాళికలు కాస్త ఎలుక నాళికల మాదిరిగా, అన్ని వయసుల కణాలతో కనిపించి మిమ్మల్ని మళ్లీ అయోమయంలో పడేస్తాయి.

కాబట్టి రికార్డు పుస్తకం తెరవగానే పై భాగంలో ఒక వాక్యం రాసుకోండి: ఈ జాతి ఎప్పుడు జతకడుతుంది, ఈ జంతువును ఎప్పుడు తీశారు. మిగతా పనంతా ఆ వాక్యం కిందే.

కొత్తగా స్లైడ్ చేయాల్సి వస్తే

వీలైనంతవరకు కాలేజీ, మ్యూజియం సేకరణల్లో ఉన్న పాత నమూనాలు, సిద్ధంగా ఉన్న స్లైడ్లే వాడండి. చాలా సరీసృపాలకు చట్టరక్షణ ఉంది. ప్రాక్టికల్ కోసం గోడమీద తొండను పట్టుకోవడం తప్పు, పైగా అనవసరం. అనుమతితో వచ్చిన కణజాలం మీ చేతికొస్తే మాత్రం ఆలస్యం చేయకండి. వృషణం శరీరం లోపలే, వెన్నెముకకు దగ్గరగా ఉంటుంది. పాముల్లో రెండూ పక్కపక్కన ఉండవు, కుడిది తలవైపు ముందుకు జరిగి ఉంటుంది. ఎడమది కనిపించలేదని కంగారు పడక్కర్లేదు, ఇంకాస్త వెనక్కి వెతకండి.

మామూలు మైక్రోస్కోపుకు బోయిన్ ద్రావణం మంచిది. సంతృప్త పిక్రిక్ ఆమ్లం 75 పాళ్లు, ఫార్మలిన్ 25, గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం 5. కేంద్రకంలోని వివరం దీనిలో స్పష్టంగా నిలుస్తుంది, శుక్రజననం చదవడమంటే మూడొంతులు కేంద్రకాలు చదవడమే. వృషణం చుట్టూ గట్టి పొర ఉంటుంది కాబట్టి ముక్కలు చేసి వేయండి, లేకపోతే ద్రావణం లోపలికి చేరేలోపే మధ్యలోని కణాలు పాడవుతాయి. ఒక రోజు ఉంచి, 70 శాతం ఆల్కహాలు మారుస్తూ పసుపు రంగు పోయేదాకా కడగండి. తర్వాత ఆల్కహాలు వరుస, జైలీన్, మైనం, మామూలే. కోత 4 నుంచి 6 మైక్రాన్ల మందం. హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు సరిపోతాయి. పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలుతుంది, సీసా మూత దగ్గర పసుపు పొడి కట్టి ఉంటే మీరు తెరవకండి, ల్యాబ్ బాధ్యులకు చెప్పండి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దాకా వెళ్లే ఉద్దేశం ఉంటే దారి మొదటినుంచే వేరు. గ్లూటరాల్డిహైడ్‌లో స్థిరపరచి, ఆస్మియం టెట్రాక్సైడ్ పట్టించి, ఎపాక్సీ రెజిన్‌లో దిగ్గొట్టాలి. ఆస్మియం ఆవిరి కంటికి ప్రమాదం, ఫ్యూమ్ హుడ్ బయట దాన్ని ముట్టుకోకూడదు. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. అదే దిమ్మ నుంచి ఒక మైక్రాన్ మందం కోసి టోలుయిడిన్ బ్లూ వేస్తే, మామూలు మైక్రోస్కోపులోనే మైనం కోతకన్నా ఎంతో స్పష్టమైన బొమ్మ వస్తుంది. ఆక్రోసోమ్ (శుక్రకణం తలమీద టోపీలా ఉండే తిత్తి) తొలి దశలు చూడాలనుకునేవాళ్లకు నా సలహా ఈ కోతలే. మైనం కోతలో వాటికోసం కళ్లు నొప్పి పుట్టించుకోవడం దండగ.

మొదట తక్కువ పవర్‌లో మొత్తం చూడండి

10 రెట్ల ఆబ్జెక్టివ్ పెట్టి కోత మొత్తం ఒకసారి తిరగండి. గుండ్రంగా, కోలగా కోతపడ్డ శుక్రోత్పాదక నాళికలు, వాటి మధ్య సందుల్లో రక్తనాళాలు, పురుష హార్మోను తయారుచేసే లీడిగ్ కణాలు కనిపిస్తాయి. ఈ దశలో పేర్ల జోలికి పోకుండా మూడు విషయాలు గమనించండి: నాళికలు బొద్దుగా ఉన్నాయా సన్నబడ్డాయా, గోడ మందంగా ఉందా, మధ్యలో కుహరం తెరుచుకుందా మూసుకుందా.

కొలతలు కావాలంటే గుండ్రంగా కోతపడ్డ నాళికలనే ఎంచుకోండి. ఏటవాలుగా కోతపడ్డవి ఎప్పుడూ పెద్దగా కనిపించి సగటును చెడగొడతాయి. ఒక్కో నాళికను రెండు లంబదిశల్లో కొలిచి సగటు తీయండి, అలా కనీసం ఇరవై నాళికలు. మైనంలో కణజాలం కొంత కుంచించుకుపోతుంది కాబట్టి మైనం కోత కొలతను రెజిన్ కోత కొలతతో పోల్చకూడదు.

లీడిగ్ కణాలున్న సందుల్లోనూ, నాళిక అడుగున సెర్టోలి కణాల్లోనూ (బీజకణాలకు ఆసరాగా నిలిచి పోషించేవి) ఖాళీ బుడగలు కనిపిస్తే వాటిని కోతలో లోపం అనుకోకండి. అక్కడ కొవ్వు బిందువులుండేవి, ఆల్కహాలు, జైలీన్ వాటిని కరిగించేశాయి. చాలా సరీసృపాల్లో శుక్రకణాలు విడుదలయ్యాక సెర్టోలి కణాల్లో కొవ్వు పేరుకుంటుంది. ఆ బుడగలు కూడా మీకు కాలం చెప్పే ఆనవాళ్లే.

ఇప్పుడు గోడ అంచు నుంచి లోపలికి

40 రెట్లకు మారండి. ఒకే నాళికను ఎంచుకుని ఆధారత్వచం (నాళిక బయటి అంచు పొర) దగ్గర మొదలుపెట్టండి. అంచున రెండు రకాల కేంద్రకాలుంటాయి. ఒకటి సెర్టోలి కణానిది. దాని ఆకారం సక్రమంగా ఉండదు, రంగు లేతగా ఉంటుంది, లోపల కేంద్రకాంశం (న్యూక్లియోలస్) కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీని కణద్రవ్యం కుహరం దాకా సాగి ఉంటుంది, హద్దులు మాత్రం మామూలు మైక్రోస్కోపులో తేలవు, వెతకొద్దు. రెండోది స్పెర్మటోగోనియాది, అంటే శుక్రకణాలకు మూలమైన బీజకణాలది. వీటిలో ‘ఏ’ (A), ‘బి’ (B) అని రెండు రకాలు. ‘ఏ’ రకం స్పెర్మటోగోనియా కేంద్రకం కోలగా, అంచుకు అతుక్కుని, ఒకటో రెండో కేంద్రకాంశాలతో ఉంటుంది. బి రకానిది గుండ్రంగా ఉంటుంది. ‘ఏ’ రకం ఏడాదంతా దొరుకుతుంది, ఎందుకంటే వచ్చే ఏటికి విత్తనం అదే. బి రకం గుంపులుగా కనబడితే ఆ వృషణం పనికి దిగిందని అర్థం.

బి రకం సమవిభజన చెందితే వచ్చేవి ప్రీలెప్టోటీన్ కణాలు, అంటే క్షయకరణ విభజనకు సిద్ధమయ్యేవి. అంచుకు దగ్గరగానే ఉంటాయి, చిన్నవి, ముదురు రంగువి. వీటినీ స్పెర్మటోగోనియానీ కలిపేసుకోవడం అందరూ చేసేదే. తేడా పట్టాలంటే పరిమాణం చూడండి: అంచు దగ్గరి బీజకణాల్లో ఇవే అన్నిటికన్నా చిన్నవి.

క్షయకరణ విభజన దగ్గర ఆగండి

ఇక్కడ తొందరపడితే లాభం లేదు. 100 రెట్ల ఆయిల్ ఇమ్మర్షన్‌కు వెళ్లండి. లెప్టోటీన్‌లో క్రోమాటిన్ సన్నటి దారాలుగా మారుతుంది, కేంద్రకాంశం కనపడదు. జైగోటీన్‌లో జతకట్టాల్సిన క్రోమోజోములు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ దారాలు మందమవుతాయి, కేంద్రకం కూడా కొంచెం పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య గీత గీయలేకపోతే బాధపడకండి, చాలా పరిశోధన పత్రాల్లో కూడా ఆ గీత గీసినవారి ఇష్టాన్నిబట్టే ఉంటుంది.

పాకిటీన్ మాత్రం తప్పించుకోదు. ఈ నాళికలో కంటికి ముందు ఆనే కణం అదే: బాగా ఉబ్బిన గుండ్రని కేంద్రకం, లోపల పొట్టిగా, మందంగా, విడివిడిగా కనిపించే పోగులు, వాటి మధ్య తెల్లని ఖాళీ. ఫైన్ ఫోకస్ మెల్లగా తిప్పండి. ఒక పోగు మసకబారుతుంటే దాని కింద నుంచి మరొకటి స్పష్టమవుతుంది. ఆ రెండూ కేంద్రకం లోతులో వేర్వేరు తలాల్లో ఉన్నాయన్నమాట. ఒక్కో పోగు అంటే జతకూడిన రెండు క్రోమోజోములు, పక్కపక్కన కుట్టుకుపోయినట్టు అంటిపెట్టుకుని. జన్యుపదార్థం ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది ఈ దశలోనే. పాకిటీన్ చాలాసేపు సాగే దశ కాబట్టే ఇన్ని పాకిటీన్ కణాలు కనిపిస్తాయి. 

ఎలుక స్లైడ్‌లో పాకిటీన్ కేంద్రకం అంచున ముదురుగా ఒక ముద్ద కనిపించేది గుర్తుందా? అది ఎక్స్, వై క్రోమోజోముల జంట. నాగుపాములోనో రక్తపింజరలోనో దాన్ని వెతక్కండి. ఆ పాముల్లో మగజీవికి లింగ క్రోమోజోములుగా ఒకేలాంటి రెండు జెడ్‌లుంటాయి, జంట పూర్తిగా కుదురుతుంది. మొసలిలో అసలు లింగ క్రోమోజోములే లేవు, పిల్ల ఆడో మగో గుడ్డు పొదిగిన ఉష్ణోగ్రత తేలుస్తుంది. ఎలుక అలవాటు ఇక్కడ కూడా అడ్డం పడుతుంది.

పాకిటీన్ తర్వాత డిప్లోటీన్. పోగులు సడలి కేంద్రకపొర వైపు జరుగుతాయి. ఆ వెంటనే మొదటి విభజన మెటాఫేజ్: కేంద్రకపొర మాయమై, కణం మధ్యలో ముదురు పట్టీ. చాలా బల్లులు, పాముల్లో పెద్ద క్రోమోజోములతో పాటు చుక్కల్లాంటి సూక్ష్మక్రోమోజోములుంటాయి. తొండలో, అంటే కాలోటిస్ వెర్సికోలర్‌లో, మొత్తం 34. వాటిలో 12 పెద్దవి, 22 సూక్ష్మమైనవి. అంటే మొదటి మెటాఫేజ్‌లో 17 జంటలు, 6 పెద్దవి, 11 చుక్కలు. మైనం కోతలో ఇవి లెక్కపెట్టలేరు, కోత క్రోమోజోముల్ని కూడా ముక్కలు చేస్తుంది. లెక్క కావాలంటే స్క్వాష్ చేయాలి, అంటే కణజాలాన్ని స్లైడ్ మీద అదిమి పరచాలి. కోతలో మాత్రం పట్టీని పైనుంచి చూసే కోణం దొరికితే మధ్యలో చుక్కలు, చుట్టూ పెద్దవి అమరి ఉండటం కనిపిస్తుంది.

ద్వితీయ స్పెర్మటోసైట్లు దొరకడం కష్టం. వెంటనే రెండో విభజనకు వెళ్లిపోతాయి. పాకిటీన్‌కన్నా చిన్నగా, గుండ్రని స్పెర్మటిడ్‌కన్నా పెద్దగా ఉండే కేంద్రకం, పక్కనే మెటాఫేజ్ పట్టీలు ఉంటే అవి అవే. దొరక్కపోతే వదిలేసి ముందుకెళ్లండి. ఒక ప్రాథమిక స్పెర్మటోసైట్ నుంచి నాలుగు స్పెర్మటిడ్లు, ఆ నాలుగూ సన్నటి కణద్రవ్య వంతెనలతో కలిసే ఉంటాయి.

గుండ్రని కణం పొడవవడం

నాకు ఈ స్లైడ్లలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. ఇక విభజన లేదు. గుండ్రని కణం ఆకారం మార్చుకుని సన్నటి శుక్రకణం కావాలి. దీన్ని స్పెర్మియోజెనిసిస్ అంటారు. సరీసృపాల్లో సాధారణంగా ఏడు, ఎనిమిది అంచెలుగా విడగొడతారు. అంచెల నంబర్లు బట్టీపట్టకండి, జాతిని బట్టి, చూసినవారిని బట్టి మారతాయి. మూడు మార్పులు మాత్రం ఏ జాతిలోనైనా వరుసగా వెతకండి.

మొదటిది ఆక్రోసోమ్. గుండ్రని స్పెర్మటిడ్ పక్కన, కేంద్రకానికి అంటుకుని ఒక నీటిబుడగలాంటి ఖాళీ కనిపిస్తుంది. గాల్జీ నుంచి వచ్చిన చిన్న సంచులు కలిసి ఏర్పడిన తిత్తి అది. మొదట కేంద్రకాన్ని తాకుతుంది, తర్వాత పెరుగుతూ కేంద్రకాన్ని నొక్కి ఒక గుంట చేస్తుంది. రెజిన్ కోతలో ఈ గుంట ముచ్చటగా కనిపిస్తుంది: ఒకవైపు చదునైన, కొంచెం లోపలికి వంగిన కేంద్రకం, ఆ వంపులో కూర్చున్న తేటని బుడగ, దాని అడుగున కేంద్రకం వైపు ముదురు చుక్క. ఆ చుక్కే ఆక్రోసోమ్ రేణువు. స్పెర్మటిడ్ గుండ్రంగా ఉన్నా, బుడగ లేకపోతే తొలి అంచె, చిన్న బుడగ ఉంటే ఆ తర్వాతిది, బుడగ పెద్దదై రేణువు కనిపిస్తే ఇంకా ముందుకు వెళ్లినట్టు. సాగడం మొదలయ్యాక ఆ బుడగ అణగి, కేంద్రకం కొసమీద టోపీగా పరుచుకుంటుంది.

రెండోది కేంద్రకం. గుండ్రని స్పెర్మటిడ్ కేంద్రకంలో క్రోమాటిన్ సన్నని పొడిగా పరచుకుని ఉంటుంది. సాగే కొద్దీ ఆ పొడి పోగులుగా మారి, పొడవు దిశలో వరుసపడి, చివరికి ఖాళీలేకుండా గట్టిపడుతుంది. మామూలు మైక్రోస్కోపులో ఇది రంగులో తెలుస్తుంది. లేత నీలం గుండ్రం, తర్వాత కోల, తర్వాత వంగిన ముదురు కడ్డీ, ఆఖరికి దాదాపు నల్లటి సన్నని గీత. కేంద్రకం పొడవవుతున్న కాలంలో దాని చుట్టూ మాంచెట్ అనే సూక్ష్మనాళికల పట్టీ ఉంటుంది. చాలా బల్లులు, పాముల్లో మొదట అడ్డంగా చుట్టుకున్న సూక్ష్మనాళికలు, తర్వాత పొడవునా నిలిచినవి కనిపిస్తాయి. కేంద్రకాన్ని సన్నగా సాగదీయడంలో వీటి పాత్ర ఉందని భావిస్తారు. అయితే సూక్ష్మనాళిక మందం 25 నానోమీటర్లే, మామూలు మైక్రోస్కోపు రెండు చుక్కల్ని విడిగా చూపగలిగే హద్దు సుమారు 200 నానోమీటర్లు. కాబట్టి దీనికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే గతి.

మూడోది తోక. కేంద్రకానికి రెండో కొసన రెండు సెంట్రియోళ్లు చేరతాయి. దగ్గరి సెంట్రియోల్ కేంద్రకం అడుగునున్న చిన్న గుంటలో కుదురుకుంటుంది, దూరపు సెంట్రియోల్ నుంచి తోక పెరుగుతుంది. మామూలు స్లైడ్‌లో తోకలు కుహరంలో వెంట్రుకల గుంపుగా కనిపిస్తాయి, అంతే.

సాగిన స్పెర్మటిడ్లు సెర్టోలి కణంలో తలలు దిగ్గొట్టుకుని కట్టలుగా నిలుచుంటాయి. తలలు గోడవైపు, తోకలు కుహరం వైపు. మిగిలిన కణద్రవ్యాన్ని వదిలించుకోవడం చివరి పని. ఆ ముద్దలు కుహరం అంచున గుండ్రని మరకలుగా కనిపిస్తాయి, వాటిని కొన్నిసార్లు గుండ్రని స్పెర్మటిడ్లని పొరబడతారు. కేంద్రకం ఉందా లేదా చూడండి, మరకలో ఉండదు. సెర్టోలి కణాలు వాటిని మింగేస్తాయి, శుక్రకణాలు కుహరంలోకి జారతాయి.

ఇప్పుడు వృషణం స్థితి రాయండి

కణాల పేర్లు తెలిశాయి కదా, అసలు పని ఇప్పుడు. ఒక్కో నాళికకు దశ నంబరు పెట్టాలన్న ఆలోచన మానేయండి. బదులుగా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ కోతలో అన్నిటికన్నా ముందుకు వెళ్లిన కణం ఏది? అన్నిటికన్నా ఎక్కువున్న కణం ఏది? ఈ రెండు జవాబులు, తేదీ కలిస్తే చాలు. ఉదాహరణకు ముందుకు వెళ్లినవి గుండ్రని స్పెర్మటిడ్లు, ఎక్కువున్నవి పాకిటీన్ అయితే ఈ ఏటి గుంపు క్షయకరణ విభజన మధ్యలో ఉంది, శుక్రకణాల విడుదల ఇంకా ముందుంది. ముందుకు వెళ్లినవి కుహరంలోని శుక్రకణాలు, గోడలో మాత్రం స్పెర్మటోగోనియా తప్ప పెద్దగా ఏమీ లేకపోతే ఈ ఏటి పని అయిపోవచ్చింది.

ఈ పద్ధతి వెనక కారణం ఇది: కప్పలు, చేపల్లో బీజకణాలు తిత్తుల్లో ఒకే గుంపుగా ఎదుగుతాయి. క్షీరదాల్లో నాళికలో అనేక తరాలు ఒకదాని వెనక ఒకటి క్రమంగా నడుస్తాయి. సరీసృపాలది మధ్యదారి. నిర్మాణం చూస్తే క్షీరదాల నాళికే, నడక మాత్రం కప్పల గుంపు నడక. కెవిన్ గ్రిబిన్స్, డేనియల్ గిస్ట్ 2003లో పోడార్సిస్ మురాలిస్ అనే గోడబల్లిలో దీన్ని వివరంగా చూపారు, తర్వాత ఆలిగేటర్‌లోనూ, ఇతర జాతుల్లోనూ ఇదే తీరు బయటపడింది.

ఒక చిక్కు ఉంది. నాళికలు సన్నగా, సెర్టోలి కణాలూ ‘ఏ’ రకం స్పెర్మటోగోనియా మాత్రమే ఉంటే అది పిల్ల జంతువా, విశ్రాంతిలో ఉన్న పెద్ద జంతువా? కోతలో రెండూ ఒకేలా కనిపించొచ్చు. జంతువు పొడవు చూడండి, కుహరంలో అక్కడక్కడ మిగిలిపోయిన శుక్రకణాలున్నాయేమో వెతకండి. అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం మాత్రం పక్కనున్న ఎపిడిడిమిస్ (శుక్రకణాలు నిలవుండే మెలికల నాళం), శుక్రవాహిక. అక్కడ శుక్రకణాలుంటే ఆ జంతువు ఈ ఏడో పోయిన ఏడో వాటిని తయారుచేసినదే. అందుకే వృషణం ఒక్కటే కోసి మిగతాది పారేసే అలవాటు నాకు నచ్చదు.

బల్లి, పాము అయితే మూత్రపిండం కూడా ఉంచుకోండి. మగజీవుల మూత్రపిండ నాళికల్లో ఒక భాగం టెస్టోస్టిరాన్ పెరిగినప్పుడు లావై, రేణువులతో నిండిపోతుంది. దాన్ని లైంగిక ఖండం అంటారు. దాని స్రావం శుక్రకణాలతో పాటు బయటికి వెళ్తుంది. ఆ ఖండం ఉబ్బి ఉంటే హార్మోను స్థాయి ఎక్కువగా ఉన్న రోజుల్లో జంతువును తీశారని చెప్పొచ్చు. తాబేళ్లు, మొసళ్లలో ఇది ఉండదు, వెతికి సమయం పాడుచేసుకోకండి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటో చేతిలో ఉంటే

ఈ ఫొటోల్లో జంతువు ఏ వంశానిదో కూడా చెప్పొచ్చు, అది మామూలు స్లైడ్‌లో కుదరని పని. పై నుంచి కిందికి రండి.

తల: ఆక్రోసోమ్ టోపీ కింద, కేంద్రకం పైన పర్ఫోరటోరియం అనే కడ్డీ ఉంటుంది. బల్లులు, పాముల్లో అది ఒకటే, కేంద్రకం బయటే ఆగిపోతుంది. తాబేళ్లు, ట్యువటారా (న్యూజీలాండ్‌లోని బల్లిలాంటి సరీసృపం), మొసళ్లలో కేంద్రకం లోపలికే సొరంగాలు తొలిచి ఉంటాయి. ట్యువటారాలో రెండు, తాబేళ్లలో సాధారణంగా రెండో మూడో. అడ్డకోతలో నల్లటి కేంద్రకం మధ్య తెల్లని రంధ్రాలు కనిపిస్తే అది బల్లిదీ కాదు, పాముదీ కాదు.

మధ్యభాగం: మైటోకాండ్రియా ఆకారం చూడండి. తాబేళ్లు, ట్యువటారాలో గుండ్రంగా, లోపలి మడతలు వలయాలుగా ఉంటాయి. బల్లులు, పాముల్లో స్తంభాల మాదిరి నిలువుగా, మడతలు నిటారుగా ఉంటాయి, మైటోకాండ్రియా మధ్య ముదురు ముద్దలూ కనిపిస్తాయి. పాముల మధ్యభాగం విపరీతంగా పొడవు, దానిచుట్టూ పొరల మీద పొరలుగా చుట్టిన త్వచాలుంటాయి. ఆ రెండూ ఒకే ఫొటోలో దొరికితే పాము అని ధైర్యంగా రాయొచ్చు.

తోక అడ్డకోతలో 9+2 సూక్ష్మనాళికల అమరిక (చుట్టూ తొమ్మిది జంటలు, మధ్యలో రెండు) అన్నిటిలోనూ ఉంటుంది. దాని చుట్టూ ఉండే నారల తొడుగు ఎక్కడ మొదలైందో చూడండి. బల్లులు, పాముల్లో అది మధ్యభాగంలోనే, మైటోకాండ్రియా కిందే మొదలవుతుంది. అంటే ఒకే అడ్డకోతలో బయట మైటోకాండ్రియా, లోపల నారల తొడుగు రెండూ కనిపిస్తాయి. బయటి నారలు తొమ్మిదిలో 3, 8 నంబర్లవి మిగతావాటికన్నా లావు. నంబర్లు వేయడానికి మధ్యలోని రెండు సూక్ష్మనాళికల్ని కలుపుతూ గీత ఊహించి, ఆ గీతకు లంబంగా వెళ్లే దిశలో ఉన్న జంటను 1 అనుకోండి. డైనీన్ చేతులు (ఒక్కో జంట నుంచి పక్క జంటవైపు పొడుచుకొచ్చే కొక్కేలు) చూపే వైపు లెక్కిస్తూ వెళ్తే లావుపాటివి ఎదురెదురుగా, మధ్య జంట గీతకు రెండు కొసల్లో తేలతాయి.

పుస్తకంలో నమోదు ఇలా ముగించండి: జాతి, తేదీ, స్థిరీకరణ ద్రావణం, కోత మందం, కొలిచిన నాళికల సంఖ్య, అన్నిటికన్నా ముందుకు వెళ్లిన కణం, ఎక్కువగా ఉన్న కణం, ఎపిడిడిమిస్‌లో శుక్రకణాలున్నాయా లేవా, మూత్రపిండ ఖండం స్థితి. ఒక్కో కణం పక్కన బొమ్మ వేసి, ఏ రెట్ల పవర్‌లో చూశారో రాయండి. అదే జాతి మరో నెల స్లైడ్ దొరికినప్పుడు పక్కన పెట్టుకుని చదవడానికి ఈ పేజీయే కావాలి.